పీకని పన్ను

అత్తగారితో వచ్చిన చిక్కల్లా ఆవిడ మంచివారు కావడమే. కాస్తో కూస్తో గయ్యాళి అయి ఉంటే కోడలు ఎప్పుడో ఎదురు తిరిగి, మాటకు మాట అప్పజెప్పి, సుఖంగా బతికేది. ఈవిడతో ఆ అదృష్టం లేదు. ఇంట్లో ఎవరు తుమ్మినా ఆ తుమ్ము తన సొంత ఆస్తి అన్నట్టు స్వాధీనం చేసుకుంటారు. ఆ తర్వాత రోగికి తన రోగం మీద ఏ హక్కూ ఉండదు. ఏం తినాలో, ఏ పక్కకి తిరిగి పడుకోవాలో, ఎప్పటికల్లా తగ్గాలో అన్నీ ఆవిడే నిర్ణయిస్తారు. చెప్పిన రోజుకి తగ్గకపోతే అది రోగి మొండితనం.

ఒక్క ఆసుపత్రి మాట మాత్రం ఆవిడ దగ్గర ఎత్తకూడదు. కారణం ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఎప్పుడో, కోడలు ఈ ఇంటికి రాకముందు, అత్తగారి అక్క రక్తం పోతోందని ఆసుపత్రికి వెళ్ళింది. గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ అన్నారు. ఎక్కువ రోజులు బతకలేదు. "తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ వెళ్ళింది. వెళ్తేనే కదా దొరికేది?" అనేవారు అత్తగారు. ఆ వాదనలో ఎక్కడో చిల్లు ఉందని అందరికీ తెలుసు. అందులో వేలు పెట్టే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఎందుకంటే ఆ మాట అన్నాక ఆవిడ కాసేపు కుట్టుమిషను తొక్కడం ఆపేసి, సూది వంక చూస్తూ కూర్చునేవారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కొడుక్కి హెర్నియా అని ఆపరేషన్‌కి రోజు ఇస్తే, ముందురోజు ఆసుపత్రికి ఫోన్ చేసి, "మావాడికి తగ్గిపోయిందండీ, ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోండి" అని చెప్పిన ఘనురాలు. మంచం నిజంగానే ఇంకెవరికో ఇచ్చేశారు. కొడుకు మరుసటి ఏడాది కంపెనీవాళ్ళు ట్రైనింగ్‌కి పంపిస్తున్నారని చెప్పి వేరే ఊళ్ళో కోయించుకొచ్చాడు. తను పెట్టిన కాపడానికే తగ్గిందని తల్లి నలుగురికీ చెప్పుకుంది. అబద్ధమాడి ఆపరేషన్ చేయించుకోవడమన్న సంప్రదాయం ఆ ఇంట్లో అలా మొదలైంది.

అత్తాకోడళ్ళిద్దరూ ఇంట్లోనే కర్టెన్లు కుడతారు. హోటళ్ళకీ, ఆఫీసులకీ, ఆసుపత్రులకీ. ముందు గది నిండా తానులు, రింగుల డబ్బాలు, రెండు మిషన్లు. అన్నం తినాలంటే కంచం పెట్టుకోవడానికి ముందు ఎవరో ఒకరు ఒక తాను పక్కకి జరపాలి. కొడుకు లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళోని లిఫ్టులన్నీ నడిపించే ఆ మనిషి కాపురం ఉండేది మూడో అంతస్తులో. ఆ బిల్డింగు లిఫ్టు నడవదు. అది వేరే కంపెనీది, అతను చెయ్యి పెట్టకూడదు. రోజూ దాని ముందునుంచి మెట్లెక్కుతూ, పక్కింట్లో పసిపిల్ల ఏడుస్తుంటే ఎత్తుకోలేని తల్లిలా దానివంక చూసి వెళ్ళిపోతాడు.

కోడలి కథ కూడా కర్టెన్ల దగ్గరే మొదలైంది. ఆడవాళ్ళ విభాగానికి ఆకుపచ్చ కర్టెన్లు కుట్టిచ్చి, తగిలించడానికి వెళ్ళింది. తీరా తగిలించాక ఒకదాని కింది అంచు పాములా మెలికలు తిరిగి ఉంది. వ్యాపారం కాబట్టి వెంట వచ్చిన అత్తగారు గుమ్మంలో నిలబడే తీర్పు చెప్పేశారు. "ఇది నీ చెయ్యే." కాదని కోడలు అంది. అవునని ఆవిడన్నారు. ఆ అంచు గురించి ఆ తర్వాత కూడా చాలాసార్లు చర్చ జరిగింది, ప్రతిసారీ కోడలే ఓడింది.

అత్తగారు మిగిలిన రింగులు తెస్తానని కిందికి వెళ్ళిన కాసేపట్లో అక్కడి నర్సు, ఆ రోజు పరీక్షలు ఉచితమనీ, తెర ఎలాగూ కట్టావు కదా వెనక్కి వచ్చి పడుకోమనీ అంది. కోడలు మొహమాటస్తురాలు. ఎవరు రమ్మన్నా వెళ్ళిపోతుంది. అలా వెళ్ళి, గర్భసంచి మూతినుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ పరీక్ష చేయించుకుంది. కొన్నాళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. భూతద్దంలో చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. చివరికి డాక్టరమ్మ భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. గర్భసంచి మూతి దగ్గర కణాలు మారాయి. క్యాన్సర్ కాదు. వదిలేస్తే కొన్నేళ్ళకి కావచ్చు. ఆ కాస్త భాగం తీసేస్తే సరిపోతుంది. సన్నటి తీగ చుట్టలో కరెంటు పంపి, మారిన కణాల మచ్చనీ, దాని చుట్టూ కాస్తనీ చెక్కినట్టు తీస్తారు. మత్తు అక్కడికే ఇస్తారు, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

మొగుడు గంభీరంగా అంతా విని, "ఎర్తింగ్ ఉంటుందా అండీ?" అన్నాడు.

ఉంటుందనీ, తొడకి ఒక ప్యాడ్ అంటిస్తారనీ డాక్టరమ్మ చెప్పింది. అతని మొహం విచ్చుకుంది. ఎర్తింగ్ ఉన్నాక ఇక ప్రపంచంలో భయపడాల్సింది ఏముంటుంది?

కోడలికి మాత్రం "కావచ్చు" అన్న మాట చెవిలో దూరిన పురుగులా తిరుగుతూనే ఉంది. ఆ సాయంత్రం ఒకే గుడ్డని రెండుసార్లు కొలిచి, రెండుసార్లూ తప్పు కత్తిరించింది. హాస్టల్లో ఉన్న కూతురికి ఫోన్ చేసి, ఏమీ లేదు ఊరికే చేశానని చెప్పి పెట్టేసింది. తీయించుకోవాలి, అత్తగారి చెవిన పడేలోపే తీయించుకోవాలి, లేకపోతే ఆ మంచం కూడా ఇంకెవరికో వెళ్ళిపోతుంది. ఆమెకి తెలిసినదల్లా అదే.

రోజు దగ్గరపడింది. భోజనాల దగ్గర అత్తగారు, పొద్దున్నే ఇద్దరూ తయారై ఎక్కడికని అడిగారు. మొగుడికి అబద్ధం ఆడటం రాదు. హెర్నియా అబద్ధానికే ఏడాది పట్టింది. నోట్లో ముద్ద పెట్టుకున్నవాడు రాయి తగిలినట్టు ఆగిపోయి, "పన్ను" అన్నాడు. ఎవరి పన్ను అని ఆవిడ అడిగారు. అతను భార్యవైపు వేలు చూపించాడు.

ఆ క్షణంలో ఇంకేదన్నా అని ఉంటే ఈ కథ ఇంత పొడుగు సాగేది కాదు.

ఆపరేషన్ అనుకున్నంత పెద్ద సంగతేమీ కాలేదు. సూదిమందు వేశాక గుండె దడదడలాడుతుందనీ, కాళ్ళు వణుకుతాయనీ, అది మందువల్లే గానీ భయంవల్ల కాదనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. కోడలికి ఆ ఏర్పాటు చాలా నచ్చింది. అప్పటికే వణుకుతున్న కాళ్ళ నింద కూడా మందుమీదే వేసేసింది. యంత్రం గుయ్యిమంది. పొగ లాగే గొట్టం గురకపెట్టింది. ఇస్త్రీపెట్టె కింద నైలాన్ గుడ్డ అంటుకున్నట్టు ఏదో కాలిన వాసన. కళ్ళు మూసుకుంటే ఇంకా భయమేసి, కోడలు తల పక్కకి తిప్పి తెర వంక చూసింది. ఎదురుగా ఆ మెలికల అంచే.

మామూలుగా నిలబడి చూస్తే కనిపించదు గానీ, పడుకుని చూస్తే అంచు లోపలి మడత కనిపిస్తుంది. దాని చివర చిన్న దారపు తోక వేలాడుతోంది. కోడలు దారాన్ని కత్తెరతో కత్తిరిస్తుంది. అత్తగారు మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి పంటితో కొరుకుతారు. కొరికిన ప్రతిచోటా ఒక తోక మిగులుతుంది. ఇంటినిండా కర్టెన్లన్నిటికీ ఎలక పిల్లల్లా తోకలే.

కోడలికి నవ్వొచ్చింది. కదలొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నవ్వు ఆపుకునే తంటాలో ఉండగానే అయిపోయిందన్నారు.

తీసిన ముక్కని పరీక్షకి పంపుతామనీ, అంచుల్లో మచ్చ లేకుండా శుభ్రంగా ఉంటే ఇక దిగుల్లేదనీ చెప్పారు. నాలుగు వారాలు బరువులు ఎత్తకూడదు. భార్యాభర్తలు దూరంగా ఉండాలి. కాస్త ముదురు రంగులో మరకలు పడటం మామూలే, ఎర్రగా ఎక్కువ పోతే మాత్రం వెంటనే రావాలి.

ఇంటికొచ్చేసరికి అత్తగారు సర్వసన్నద్ధంగా ఉన్నారు. ఐసు ముక్కలు, దూది, పల్చటి జావ. నోరు తెరవమన్నారు. కుట్లు పడ్డాయి, గాలి తగలకూడదని మొగుడు అడ్డం పడ్డాడు. అయితే మాట్లాడకూడదని ఆవిడ శాసించారు. ఆ రోజంతా కోడలు బుగ్గన దూది పెట్టుకుని, ఐసు అద్దుకుంటూ, మౌనంగా జావ తాగింది. మౌనం హాయిగానే ఉంది. జావే హింస. డాక్టరమ్మ ఏమైనా తినొచ్చంది, ఇక్కడేమో నమిలే వస్తువు ఏదీ దరిదాపులకి రానివ్వడం లేదు. మొగుడు పనిముట్ల సంచిలో స్పానర్ల మధ్య వేయించిన పల్లీలు దాచి తెచ్చాడు. దుప్పటి ముసుగులో కరకరమని నములుతుంటే అత్తగారు బయటనుంచి ఏమిటా చప్పుడని అడిగారు. పళ్ళు పటపటా కొరుకుతోందమ్మా, నొప్పికి, అన్నాడు.

మర్నాడు దూది పొరపాటున రెండో బుగ్గకి వెళ్ళింది.

"నిన్న కుడివైపు కదా?" అన్నారు అత్తగారు.

"వాపు అటూ ఇటూ తిరుగుతోంది అత్తయ్యా."

ఆవిడ కాసేపు కళ్ళు చిట్లించి చూసి, రెండు బుగ్గలకీ ఐసు తెచ్చి ఇచ్చారు.

అసలు తంటా తర్వాత మొదలైంది. పన్ను పీకించుకున్న మనిషి ఎన్నాళ్ళని బరువెత్తకుండా కూర్చుంటుంది? పోయింది పన్ను, చేతులు కాదు కదా అని అత్తగారు చాలా న్యాయంగా అడిగారు. ఆ పూటనుంచి మొగుడు మధ్యాహ్నం పని మధ్యలో పరిగెత్తుకొచ్చి తానులన్నీ పైకి మోసి, మళ్ళీ పరిగెత్తేవాడు. ఒళ్ళు తగ్గాలట. పెళ్ళైనప్పటినుంచి మంచినీళ్ళ గ్లాసు కూడా కదల్చని కొడుకు చీమలా మెట్లెక్కి దిగుతుంటే తల్లి గుమ్మంలో నిలబడి చూసేది. ఆ చూపు కోడలికి నచ్చలేదు.

ఒక గురువారం పొద్దున హోటలువాళ్ళ సరుకొచ్చింది. ఎండ దూరకుండా వేసే మందపాటి గుడ్డ, ఒక్కో తాను ఎదిగిన పిల్లాడంత బరువు. మొగుడు ఎక్కడో రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులో జనాన్ని బయటికి లాగే పనిలో ఉన్నాడు. అతను వచ్చేదాకా ఆగుదామని కోడలు అంది. ఆవిడ వినకుండా కిందికి వెళ్ళారు. కోడలు రెయిలింగ్ మీదనుంచి వంగి చూసింది. అత్తగారు తానుని భుజాన వేసుకుని, మెట్టు మెట్టుకీ ఆగి, గోడకి ఆనుకుని రొప్పుతున్నారు. నెరిసిన జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది.

చూస్తూ నిలబడటం కోడలి వల్ల కాలేదు. దిగి వెళ్ళి రెండో కొస పట్టుకుంది. వద్దనుకుంటూనే పట్టుకుంది.

రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళ వెంట వెచ్చగా దిగింది. కోడలు ఆగిపోయింది. ఆమె మొహం చూసి అత్తగారూ ఆగారు.

"ఏమైందే? పన్నా?"

"పన్ను కాదు అత్తయ్యా. పన్ను ఎవరూ పీకలేదు."

అక్కడే, మెట్ల మీద, తాను చెరో కొసా పట్టుకుని, కోడలు అంతా చెప్పేసింది. కర్టెను తగిలించిన రోజునుంచి తీగ చుట్ట దాకా, ఒక్క గుక్కలో. చెబుతూ అత్తగారి కళ్ళలోకి చూడలేక తాను మీది నేతనే చూసింది. అరుపులకి, ఏడుపుకి, అక్క పేరుకి సిద్ధపడింది.

ఆవిడ అడిగింది ఒక్కటే. "మచ్చ మేరకే కోశారా, చుట్టూ కాస్త వదిలి కోశారా?"

తానులో ఎక్కడైనా బూజు పట్టి కనిపిస్తే అత్తగారు మచ్చకి రెండు వేళ్ళు అవతలగా కత్తిరిస్తారు. కళ్ళకి కనిపించేదే కొస కాదంటారు. చుట్టూ వదిలే కోశారనీ, అంచులు పరీక్షకి పంపారనీ, ఇంకా తెలియలేదనీ కోడలు చెప్పింది.

"అయితే పద" అన్నారు అత్తగారు. కొత్త గుడ్డని నేలకి తగలనివ్వని మనిషి, ఆ తానుని మెట్ల మీదే వదిలేసి, కోడలి నడుం చుట్టూ చెయ్యి వేసి కిందికి దింపారు.

టాక్సీలో అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. చివరికి కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నారు, ముందు కడుపేమో అనుకున్నాననీ, మిగిలిన ముక్కల్లో చిన్న గౌను కూడా కత్తిరించాననీ, కొత్త గుడ్డ పాడుచేయనందుకు ఇప్పుడు సంతోషంగా ఉందనీ. కొడుకు హెర్నియా సంగతి కూడా తెలుసన్నారు. తర్వాతెప్పుడో కాపడం పెట్టేటప్పుడు కోత గాటు చూశారట. కాపడానికి గాటు పడదని తనకి తెలియదనుకున్నాడా వెధవ.

"నేనంటే మీకంత భయమేమే?"

"మీరంటే కాదు అత్తయ్యా. మీరు మిషను ఆపేసి కూర్చుంటారే, అదంటే."

ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగారు. చెయ్యి మాత్రం కోడలి చేతిమీదే ఉంది.

ఆసుపత్రిలో పెద్ద ప్రమాదమేమీ లేదన్నారు. పుండు కాస్త రేగింది. ఏదో ముద్దలాంటి మందు అద్దితే ఆగిపోయింది. బరువులు వద్దన్నానా లేదా అని డాక్టరమ్మ కేకలేసింది. అప్పటిదాకా తెర ఇవతలే నిలబడ్డ అత్తగారు తప్పంతా తనదన్నట్టు తలదించుకుని వింటుంటే కోడలికే జాలేసింది. ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా అని డాక్టరమ్మ అడిగింది. అత్తగారు తన పాత వాక్యాన్ని అప్పజెప్పారు, కాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళింది, వెళ్ళాకే దొరికింది అని.

"వచ్చేముందు ఎన్నాళ్ళనుంచి రక్తం పోతోందట?" అని డాక్టరమ్మ మామూలుగా అడిగింది.

అత్తగారు చేతిసంచి జిప్పు తీశారు. మూశారు.

ఇంటికి వచ్చాక కోడలి మీద కొత్త ప్రభుత్వం వచ్చింది. బరువంటే తానులే కాదు, కత్తెర కూడా బరువే. ఇస్త్రీపెట్టె ముట్టకూడదు, కుర్చీ జరపకూడదు, ఫోన్ కూడా రెండు చేతులతో పట్టుకోవాలి. జావ మాత్రం రద్దయింది. మళ్ళీ నమిలే భోజనం దొరికిన ఆనందంలో కోడలు ఈ నిర్బంధాన్ని క్షమించేసింది. డాక్టరమ్మ చెప్పిన రెండో నిషేధం కూడా ఆవిడ చెవిన పడిందని ఆ సాయంత్రం తెలిసింది. కొడుకు పనిముట్ల సంచిలోంచి "మరమ్మతులో ఉంది, వాడరాదు" అన్న బోర్డు తీసి, పడగ్గది తలుపు గొళ్ళేనికి తగిలించి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి బాబిన్ చుట్టుకుంటున్నారు. మొగుడు దాన్ని చూసి, చెవులదాకా ఎర్రబడి, ముందు గదిలో తానుల మీద పడుకున్నాడు. కోడలు తలగడలో మొహం దాచుకుని కడుపు నొప్పెట్టేలా నవ్వింది.

కానీ ఫోన్ మోగిన ప్రతిసారీ ఆ నవ్వు ఆగేది. శుభ్రంగా రాకపోతే మళ్ళీ కోయాలి. ఫోన్ మోగగానే అత్తగారు మిషను తొక్కడం ఆపేవారు, అది ఆసుపత్రి కాదని తెలిసాక మళ్ళీ మొదలెట్టేవారు.

ఒక మధ్యాహ్నం అది ఆసుపత్రే అయింది. కోడలు విన్నది, తలూపింది, తలూపితే ఫోన్లో కనిపించదని గుర్తొచ్చి "ఆహా" అంది.

"అంచులు?" అన్నారు అత్తగారు.

"శుభ్రంగా వచ్చాయట అత్తయ్యా. ఆర్నెల్లకి ఒకసారి వచ్చి చూపించుకుంటే చాలట."

కోడలు చేతిలో ఉన్న లైనింగు గుడ్డలో మొహం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత దాన్ని ఉతకాల్సి వచ్చింది. అత్తగారు మాత్రం మిషను మీద వంగి, ఎన్నడూ లేనంత జోరుగా తొక్కి, పటుక్కున దారం తెంపారు. తెగిన కొసని పంటితో కొరికి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ తెంపారు.

ఆర్నెల్లయ్యాక కోడలు ఆసుపత్రికి బయల్దేరింది. మంచి చీర కట్టుకుని అత్తగారు కూడా తయారయ్యారు. ఎక్కడికని కొడుకు అడిగితే, అక్కడి కర్టెన్లు వెలిసిపోయాయట, కొలతలు తీసుకోవాలి అన్నారు. కొలిచే టేపు బల్ల మీదే ఉంది. అతను టేపు వంక చూశాడు, తల్లి వంక చూశాడు, ఇంటి సంప్రదాయాన్ని గౌరవించి ఊరుకున్నాడు.

కోడలి పరీక్ష అయిపోయింది, అంతా బాగుందన్నారు. చెప్పులు వేసుకుంటూ చూస్తే అత్తగారు నర్సుతో ఏదో గుసగుసలాడి, తెర పక్కకి తీసి లోపలికి వెళ్తున్నారు. కోడలు ఇవతల స్టూలు మీద కూర్చుంది. లోపల పరికరాలు గలగలమన్నాయి. గాలి గట్టిగా పీల్చి వదలమని నర్సు చెబుతోంది. తర్వాత తెర వెనకనుంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను అత్తయ్యా."

"ఈ వంకర అంచు కుట్టింది నేనే."

"తెలుసు అత్తయ్యా."

"ఎప్పట్నుంచి?"

"నేనూ అక్కడే పడుకున్నాను కదా."

లోపల మంచం కిర్రుమంది. చిన్నది ఒప్పుకుని నోరు అలవాటు చేసుకుంటున్నట్టుంది. ఆ తర్వాత వచ్చిన గొంతు పెద్దదే. బయట వరసలో కూర్చున్న ఆడవాళ్ళు కూడా తలలు తిప్పారు.

"మా అక్క ఆసుపత్రికి వచ్చినందుకు పోలేదే అమ్మాయ్. నెలల తరబడి దాచుకుని, ఎప్పటికో వచ్చినందుకు పోయింది. ఇన్నేళ్ళూ నేను అన్నది తప్పు."